నేను చదువుకోకపోవడం వల్లే బిడ్డ ఎదగడం లేదా?

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. నాకు ఇద్దరు పిల్లలు. పెద్దది అమ్మాయి, 12 ఏళ్లు, 7వ తరగతి చదువుతోంది. బాబుకు 10 నెలలు. రెండు నెలలుగా వాడి బరువు పెరగలేదు. ఆరోగ్య కేంద్రంలో కార్డు మీద గీత చూపించి తక్కువగా ఉందన్నారు. అంతకు మించి వాళ్లు చెప్పలేదు, నేనూ అడగలేకపోయాను. తల్లి చదువుకున్నదైతే పిల్లలు బాగా పెరుగుతారని ఎక్కడో చదివాను. మా ఇంట్లో అదే మాట ఇంకోలా అంటారు, చదువురాని దానికి ఇంతకంటే ఏం తెలుస్తుందని. నేను 5వ తరగతితో ఆపేశాను. మా తోడికోడలు డిగ్రీ చదివింది, వాళ్ల పాప ముద్దుగా, బొద్దుగా ఉంటుంది. నా చదువు తక్కువ కావడం వల్లే బాబు ఇలా ఉన్నాడా? ఇప్పుడు నేను చేయగలిగింది ఏమైనా ఉందా? ఇంకొకటి. నేను పనికి వెళ్లాక అమ్మాయే తమ్ముణ్ని చూసుకుంటుంది. అందుకని వారంలో రెండు మూడు రోజులు బడికి పోవడం లేదు. అత్తగారికి మోకాళ్ల నొప్పులు, వాణ్ని ఎత్తుకోలేరు. వచ్చే ఏడాది అమ్మాయిని పూర్తిగా మానిపిస్తే బాబుకు వేళకు తిండి అందుతుంది కదా అంటున్నారు. మీరేమంటారు?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు మీ రెండో ప్రశ్నకు జవాబు చెబుతాను, ఎందుకంటే అది ఆలస్యమైతే దిద్దుకోవడం కష్టం. అమ్మాయిని బడి మానిపించకండి. బాబు కోసమే అయినా సరే, మానిపించకండి. ఎందుకో కింద వివరంగా రాశాను.

ఇక మొదటి ప్రశ్న. మీరు చదివిన మాట అబద్ధం కాదు. లీసా స్మిత్, లారెన్స్ హడాడ్ అనే పరిశోధకులు 63 వర్ధమాన దేశాల లెక్కలు తీసి 2000లో ప్రచురించారు. 1970 నుంచి 1995 దాకా ఆ దేశాల్లో తక్కువ బరువున్న పిల్లల శాతం తగ్గడానికి ఏది ఎంత సాయపడిందో చూశారు. తగ్గుదలలో ఆడవాళ్ల చదువు వాటా 43 శాతమని తేలింది. దేశంలో తిండి లభ్యత పెరగడం వాటా 26 శాతమే. 2010లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఇంకో అధ్యయనం 175 దేశాలను పరిశీలించింది. 1970కీ 2009కీ మధ్య తగ్గిన 82 లక్షల పసిపిల్లల మరణాల్లో 42 లక్షలు ఆడవాళ్ల చదువు పెరగడం వల్ల తగ్గినవేనని అంచనా వేసింది.

ఇది చదివి మీరు ఇంకా కుంగిపోతారేమోనని నాకు భయంగా ఉంది. అందుకే వెంటనే చెబుతున్నాను. ఈ అంకెలు దేశాలకు దేశాలను, లక్షల ఇళ్లను కలిపి తీసినవి. ప్రభుత్వం డబ్బు ఎక్కడ పెట్టాలో చెప్పడానికి ఇవి పనికొస్తాయి. ఒక ఇంట్లో ఒక బాబు బరువు రెండు నెలలుగా ఎందుకు ఆగిందో చెప్పడానికి పనికిరావు. ఒక తల్లిని నలుగురిలో నిలబెట్టి నిందించడానికి వీటిని వాడటం అన్యాయం.

ఇంకో సంగతీ ఉంది. 1998లో సోనాల్డే దేశాయ్, సౌమ్య ఆల్వా అనే పరిశోధకులు 22 దేశాల సమాచారంతో ఈ విషయాన్నే మళ్లీ తరచి చూశారు. తల్లి చదువుతో పాటు తండ్రి చదువు, ఇంటికి కుళాయి నీళ్లు, మరుగుదొడ్డి, కుటుంబం ఉంటున్న ప్రాంతం కూడా లెక్కలోకి తీసుకునేసరికి, పిల్లల ఎత్తు మీద తల్లి చదువు ప్రభావం చాలా దేశాల్లో బాగా తగ్గిపోయింది. టీకాలు వేయించడంలో మాత్రం నిలిచింది. చదువుకున్న అమ్మాయి చాలాచోట్ల చదువుకున్న, నాలుగు రాళ్లు సంపాదించే భర్త ఉన్న ఇంటికే వెళుతుంది. ఆ ఇంట్లో నీళ్లు శుభ్రంగా ఉంటాయి, ఆసుపత్రి దగ్గరగా ఉంటుంది. పిల్లల ఎదుగుదలలో వీటన్నిటి వాటా ఉంది. పేరు మాత్రం తల్లి డిగ్రీకి పోతుంది.

కాబట్టి మీ తోడికోడలితో పోల్చుకునే ముందు కొన్ని చూసుకోండి. ఆమె రోజంతా బిడ్డ దగ్గరే ఉంటుందా? ఆ ఇంటి ఆదాయమెంత? నీళ్లెక్కడి నుంచి వస్తాయి? బిడ్డకు జ్వరమొస్తే ఎవరినీ అడగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లగలదా? పోషణకు తిండి, సంరక్షణ, జబ్బుల నుంచి రక్షణ మూడూ కావాలని యునిసెఫ్ 1990లోనే ఒక నమూనా గీసి చూపింది. వీటిలో ఏ ఒక్కటి తగ్గినా మిగతా రెండూ దాన్ని పూడ్చలేవు. మీరు పనికి వెళ్లి తిండి సంపాదిస్తున్నారు, ఆ వేళల్లో సంరక్షణ తగ్గుతోంది. నాకు కనిపిస్తున్నది సమయం కొరత. దాన్ని తెలివి కొరత అని పిలుస్తున్నవాళ్లు తప్పు మాట్లాడుతున్నారు.

అయితే చదువు ప్రభావం వట్టిదేమీ కాదు. అది ఏ దారిన పనిచేస్తుందో తెలిస్తే మీకు చాలా ఉపయోగం, ఎందుకంటే ఆ దారుల్లో కొన్ని మీకు ఇప్పుడూ తెరిచే ఉన్నాయి. మొరాకోలో పాల్ గ్లీవీ అనే ఆర్థికవేత్త 1999లో ఒక ఆసక్తికరమైన విషయం చూపాడు. చదువుకున్న తల్లుల పిల్లలు ఆరోగ్యంగా ఉండటానికి కారణం ఆ తల్లులకున్న ఆరోగ్య జ్ఞానం. కానీ ఆ జ్ఞానం వాళ్లకు తరగతి గదిలో రాలేదు. బడిలో నేర్చిన చదవడం, లెక్కలు వాడుకుని తర్వాత బయట సంపాదించుకున్నారు. బ్రెజిల్ ఈశాన్య ప్రాంతం మీద 1991లో వచ్చిన అధ్యయనంలోనూ ఇలాంటిదే తేలింది. పేపరు చదవడం, రేడియో వినడం, టీవీ చూడటం లెక్కలోకి తీసుకుంటే, బిడ్డ ఎత్తు మీద తల్లి చదువు ప్రభావం దాదాపు అంతా అందులోనే ఇమిడిపోయింది. రాబర్ట్ లివైన్ అనే పరిశోధకుడి బృందం నేపాల్, మెక్సికో, వెనెజువేలా, జాంబియా తల్లులను ఏళ్ల తరబడి పరిశీలించింది. ఆరోగ్య సందేశం విని అర్థం చేసుకోవడంలో, బిడ్డ జబ్బు గురించి వరసగా చెప్పడంలో అక్షరాస్యత సాయపడుతుందని వాళ్లు గమనించారు.

ఇప్పుడు మీ ఉత్తరం మీరే మళ్లీ చదవండి. బిడ్డ వయసు రాశారు. బరువు ఎన్నాళ్లుగా ఆగిందో రాశారు. కేంద్రంలో ఏం చెప్పారో, ఏం చెప్పలేదో విడివిడిగా రాశారు. పగలు ఎవరు చూసుకుంటున్నారో రాశారు. ఒక డాక్టరుకు మొదట కావలసిన వివరాలు ఇవే. 5వ తరగతితో ఆగిన చదువు మీ దగ్గర ఇన్నేళ్లు నిలిచింది, ఇప్పుడు పనిచేస్తోంది. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఒకే ఒక్క మాట, 'నేనూ అడగలేకపోయాను' అన్నది. మనం బాగుచేయాల్సింది అక్కడ.

అడగడానికి బిడియం ఉంటుంది. కేంద్రంలో జనం ఉంటారు, అక్కడివాళ్లు హడావుడిగా ఉంటారు, పెద్ద చదువులవాళ్ల ముందు నోరు పెగలదు. అందుకే అడగాల్సినవి ఇంట్లోనే కాగితం మీద రాసుకుని వెళ్లండి. బాబు బరువెంత, పొడవెంత, కిందటి నెల ఎంత? చేతి పైభాగం చుట్టుకొలత తీశారా, ఎంత వచ్చింది? బరువు ఆగడానికి ఏదైనా జబ్బు కారణమా? నేను రోజుకు ఎన్నిసార్లు, ఎంత, ఎలాంటి తిండి పెట్టాలి? మళ్లీ ఎప్పుడు తూయించాలి? జవాబు విన్నాక 'నాకు అర్థమైంది చెబుతాను, సరిగ్గా ఉందో లేదో చూడండి' అని మీ మాటల్లో తిరిగి చెప్పండి. తప్పుంటే వాళ్లే దిద్దుతారు. చెప్పినదాన్ని కార్డు మీద రాయమని అడగండి. అది మీ హక్కు. అర్థమయ్యేలా చెప్పడం వాళ్ల పనిలో భాగం.

ఈ చివరి మాట ఊరికే అనడం లేదు. బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 1980 నుంచి పదేళ్ల పాటు ఇంటింటికీ మహిళా కార్యకర్తలను పంపింది. విరేచనాలు పట్టుకున్న బిడ్డకు ఉప్పు, బెల్లం, నీళ్లతో ఇంట్లోనే ద్రావణం కలపడం నేర్పించింది. కోటీ ఇరవై లక్షల ఇళ్లకు ఆ పాఠం చేరింది. వాళ్లలో చాలామంది తల్లులకు అక్షరం ముక్క రాదు. సంస్థ ఏం చేసిందంటే, కార్యకర్త వెళ్లిపోయాక ఇంకొకరిని పంపి, తల్లికి ఎంత గుర్తుందో, ద్రావణం సరిగ్గా కలపగలుగుతోందో లేదో చూసి, దాన్నిబట్టి కార్యకర్తకు డబ్బు ఇచ్చింది. తల్లికి రాకపోతే నేర్పినవారికి జీతం తగ్గేది. తల్లికి అర్థం కాకపోతే ఆ బాధ్యత ఎవరిదో ఇంత స్పష్టంగా చెప్పిన ఏర్పాటు నాకు మరొకటి తెలియదు. చదువురాని తల్లులు నేర్చుకున్నారు, బిడ్డలను కాపాడుకున్నారు. (మీరు మాత్రం ఇప్పుడు ఓఆర్‌ఎస్ ప్యాకెట్టే వాడండి. అందులో పాళ్లు కచ్చితంగా ఉంటాయి.)

ఇక బాబు తిండి సంగతి. రెండు నెలలు బరువు పెరగలేదంటే ముందు డాక్టరు చూడాలి. లోపల ఏదైనా జబ్బు ఉంటే ఎంత పెట్టినా ఒంటికి పట్టదు. చేతి పైభాగం చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువ ఉన్నా, రెండు పాదాలూ వాచినా, పాలు కూడా తాగకుండా నీరసంగా పడి ఉన్నా ఆ రోజే తీసుకెళ్లాలి, తెల్లారేదాకా ఆగకూడదు.

అలాంటివేమీ లేకపోతే ఇంట్లో చేయాల్సింది చాలా ఉంది. తల్లిపాలు ఆపకండి. రెండేళ్లు వచ్చేదాకా, ఆ తర్వాత కూడా ఇవ్వవచ్చు. కానీ ఆరు నెలలు దాటాక పాలు ఒక్కటే చాలవు, ముఖ్యంగా ఇనుము చాలదు. ఈ వయసు బిడ్డకు రోజుకు మూడు నాలుగుసార్లు భోజనం, మధ్యలో ఒకటి రెండుసార్లు చిరుతిండి కావాలి. పావు లీటరు పట్టే గిన్నెతో ప్రతిసారీ సగం గిన్నె. బిడ్డ పొట్ట చిన్నది కాబట్టి పల్చగా కలిపింది పెడితే నీళ్లతోనే నిండిపోతుంది, బలం అందదు. తల్లులు ఎంతో ప్రేమగా, గొంతుకు అడ్డుపడుతుందేమోనన్న భయంతో పల్చన చేస్తారు. చెంచా వంచితే చటుక్కున జారిపోనంత చిక్కగా, మెత్తగా ఉండాలి. ఒక చెంచా నూనె కలిపితే అదే గిన్నెలో బలం పెరుగుతుంది. ధాన్యం ఒక్కటే పెట్టకుండా పప్పులు, ఆకుకూరలు, పసుపు లేదా నారింజ రంగు కూరగాయలు, పండ్లు, వీలైనంతవరకు రోజూ గుడ్డో చేపో మాంసమో ఏదో ఒకటి చేర్చండి. తీపి పానీయాలు వద్దు.

ఎలా పెడుతున్నామన్నది కూడా ముఖ్యమే. బాబును ఎదురుగా కూర్చోబెట్టుకుని, మాట్లాడుతూ, నిదానంగా పెట్టాలి. నోరు తిప్పుకుంటే కాసేపు ఆగి మళ్లీ ప్రయత్నించాలి, బలవంతంగా కుక్కకూడదు. వాడికి విడిగా గిన్నె ఉంటే ఎంత తిన్నాడో తెలుస్తుంది. పెట్టేవారి చేతులు, వాడి చేతులు సబ్బుతో కడగాలి. విరేచనాలు పట్టుకుంటే ఓఆర్‌ఎస్‌తో పాటు కేంద్రంలో ఇచ్చే జింక్ మాత్రలు 10 నుంచి 14 రోజులు వేయాలి. విరేచనాలు తగ్గాయి కదా అని మధ్యలో మానకూడదు. జబ్బు చేసినప్పుడు తిండి తగ్గించడం చాలా ఇళ్లలో ఉన్న పద్ధతి. అది బిడ్డకు నష్టం. జబ్బులోనూ పెడుతూ ఉండాలి, తగ్గాక రెండు వారాల పాటు రోజుకు ఒక పూట అదనంగా పెట్టాలి.

ఇవన్నీ డబ్బున్నవాళ్ల మాటలని మీకు అనిపించవచ్చు. 1990ల మొదట్లో వియత్నాంలోని థాన్‌హోవా రాష్ట్రంలో పిల్లల కోసం పనిచేసే సేవ్ ద చిల్డ్రన్ సంస్థ తరఫున పనిచేసిన జెర్రీ, మోనిక్ స్టెర్నిన్ దంపతులు ఒక ప్రశ్నతో మొదలుపెట్టారు. ఊళ్లో అందరూ పేదలే, అయినా కొందరి పిల్లలు బాగానే ఉన్నారు. ఆ ఇళ్లలో ఏం చేస్తున్నారు? వెళ్లి చూస్తే, ఆ తల్లులు పొలాల్లో దొరికే చిన్న రొయ్యలు, పీతలు, చిలగడదుంప ఆకులు పిల్లల తిండిలో కలుపుతున్నారు. తక్కినవాళ్లకంటే ఎక్కువసార్లు పెడుతున్నారు. మిగతా తల్లులు వాళ్ల దగ్గరే వండి, పెట్టి నేర్చుకున్నారు. మీ చుట్టుపక్కల కూడా మీలాంటి సంపాదనతోనే బిడ్డను చక్కగా పెంచుకుంటున్న తల్లి ఉండే ఉంటుంది. వెళ్లి అడగండి. అడిగితే కాదనే తల్లిని నేను చూడలేదు.

ఇక ఇంటి విషయం. నైజీరియా తల్లుల మీద జాన్ కాల్డ్‌వెల్ అనే పరిశోధకుడు 1979లో రాసిన వ్యాసం ఈ మొత్తం చర్చకు మొదలు. చదువుకున్న తల్లి ఇంట్లో మాట చెల్లించుకోగలుగుతుంది, బిడ్డకు జబ్బు చేస్తే పెద్దల అనుమతి కోసం ఎదురుచూడకుండా కదులుతుంది, ఉన్న తిండిలో పిల్లలకు ఎక్కువ వాటా దక్కేలా చూస్తుంది అని ఆయన గమనించాడు. నన్నడిగితే పరిశోధనలన్నిటిలోకీ ఇదే అసలు విషయం. ఏం పెట్టాలో తెలిసినా, గుడ్డు కొనే డబ్బు చేతిలో లేకపోతే, ఆసుపత్రికి వెళ్లే నిర్ణయం ఇంకొకరిదైతే, ఆ తెలివి ఎందుకూ కొరగాదు. అందుకే ఈ భారం మీ ఒక్కరి మీద వేసుకోకండి. మీ ఉత్తరంలో బాబు తండ్రి ప్రస్తావనే లేదు. పిల్లల బతుకు మీద తండ్రి చదువు ప్రభావం కూడా ఉందని పెద్ద అధ్యయనాలు చూపించాయి. తల్లి చదువంత కాకపోయినా కచ్చితంగా ఉంది. కేంద్రానికి ఈసారి ఆయన్ను కూడా తీసుకెళ్లండి. వీలైతే అత్తగారిని కూడా. చిక్కగా పెట్టమని మీరు చెబితే ఇంట్లో వాదన అవుతుంది, డాక్టరు ఆమెకే నేరుగా చెబితే అది ఆమె సలహా అవుతుంది. ఆమె కూడా మనవడి కోసమే ఆరాటపడుతున్నారు. మార్గం దొరక్కే అమ్మాయి చదువు మీద పడ్డారు.

ఇప్పుడు అమ్మాయి దగ్గరికి వద్దాం. కాస్త లెక్క వేయండి. బాబుకు రోజుకు నాలుగు పూటలు తిండి అనుకుందాం. పొద్దున మీరు పనికి వెళ్లే ముందు ఒకటి, సాయంత్రం వచ్చాక ఒకటి, రాత్రి ఒకటి. ఈ మూడూ మీరో వాళ్ల నాన్నో పెట్టవచ్చు. బడి వేళల్లో మిగిలేది ఒక భోజనం, ఒక చిరుతిండి. ఈ ఒకటి రెండు పూటల కోసం ఒక పిల్ల చదువంతా ఆపేయమంటున్నారు. మార్గం వెతకాల్సింది ఆ మధ్యాహ్నం పూటకు. అత్తగారు ఎత్తుకోలేరు కానీ కూర్చుని తినిపించగలరు. బాబును ఆమె దగ్గర చాప మీద కూర్చోబెట్టి, అవసరానికి ఎత్తుకోవడానికి పక్కింటివాళ్ల సాయం అడగవచ్చు. మీలాగే పనికి వెళ్లే తల్లులు ఇద్దరు ముగ్గురు కలిస్తే వంతులవారీగా ఒకరు పిల్లలందరినీ చూసుకోవచ్చు. పనిచేసే చోట పాలివ్వడానికి విరామం ఇస్తారేమో, బిడ్డను తెచ్చుకోనిస్తారేమో అడగండి. పిండిన తల్లిపాలు శుభ్రమైన గిన్నెలో ఉంచి చెంచాతో పట్టించవచ్చు. ఏదీ సులువు కాదని నాకు తెలుసు. అయినా ఇవి కొన్ని నెలలే. బాబు నడిచే వయసు వస్తే ఈ ఇబ్బంది తగ్గుతుంది. బడి మానేసిన 12 ఏళ్ల పిల్ల తిరిగి బడికి వెళ్లడం చాలా అరుదు.

పైగా ఆమె ఇప్పుడున్న తరగతి చాలా కీలకం. మలావీ, టాంజానియా, జింబాబ్వేల సమాచారంతో చేసిన పరిశీలనలో, తల్లి చదువు పిల్లల పోషణను గట్టిగా మెరుగుపరచాలంటే ప్రాథమిక విద్య దాటి ముందుకు వెళ్లాలని తేలింది. జింబాబ్వే 1980లో స్వాతంత్ర్యం వచ్చాక ఉన్నత పాఠశాల తలుపులు అందరికీ తెరిచింది. ఆ అవకాశం అందిన వయసు అమ్మాయిలు తర్వాత తల్లులైనప్పుడు వాళ్ల పిల్లల్లో మరణాలు తగ్గాయి. తైవాన్ 1968లో నిర్బంధ విద్యను 6 ఏళ్ల నుంచి 9 ఏళ్లకు పెంచినప్పుడూ పసిపిల్లల మరణాలు తగ్గాయి. ఇవి నాకు చాలా నమ్మకం కలిగించే ఆధారాలు, ఎందుకంటే ఇక్కడ అమ్మాయిలు ఉన్నవాళ్లా లేనివాళ్లా అన్నది కాకుండా, చట్టం మారిన ఏడాదికి వాళ్ల వయసెంత అన్నదే తేడా. చదువు ఆగిన అమ్మాయికి పెళ్లి త్వరగా అవుతుంది. ఒళ్లు ఇంకా ఎదుగుతుండగానే తల్లయితే బిడ్డ తక్కువ బరువుతో పుట్టే ప్రమాదం ఎక్కువ. ఈ రోజు తమ్ముడి బరువు కోసం ఆమెను ఆపితే, రేపు ఆమె బిడ్డ కార్డు మీద గీత తక్కువగా ఉండే అవకాశం పెంచుతున్నట్టే.

ఆమెకు తమ్ముడంటే ప్రాణమని అనుకుంటున్నాను. సాయంత్రం బడి నుంచి వచ్చాక వాడితో ఆడనివ్వండి, కాసేపు చూసుకోనివ్వండి, అది మంచిదే. కార్డు మీద గీతలు చదవడం ఇద్దరూ కలిసి నేర్చుకోండి. 7వ తరగతి లెక్కల్లో గ్రాఫులు ఉంటాయి, మీకంటే ముందు ఆమెకే అర్థం కావచ్చు. ఇప్పటికే వారంలో రెండు మూడు రోజులు పోయాయి కాబట్టి పాఠాలు వెనకబడి ఉంటాయి. ఈ వారంలోనే టీచరును కలిసి ఇంటి పరిస్థితి చెప్పండి. మానేయాలనుకుంటున్నామని కాకుండా, మాననివ్వకూడదనుకుంటున్నామని చెప్పండి.

బాబును డాక్టరుకు చూపించి, ఈ పద్ధతిలో నెల రోజులు పెట్టి, మళ్లీ తూయించాక నాకు రాయండి. రెండుసార్ల బరువూ, మధ్యలో ఏదైనా జబ్బు చేసిందా అన్నదీ, మధ్యాహ్నం పూట ఎవరు తినిపిస్తున్నారన్నదీ రాస్తే తర్వాత ఏం చేయాలో చెబుతాను. ఈలోగా బాబు ఇంకా తగ్గితే నా జవాబు కోసం చూడకండి, నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.